శవపేటిక లెక్కలు: బెల్లా సుబ్బొతోవ్‌స్కయా నడిపిన చదువు

అందరికీ నమస్కారం. మీరు వచ్చి కూర్చునేలోపే బోర్డు మీద ఒక లెక్క రాసి పెట్టాను. ఒకవైపు 2 ఆధారంగా 3కి సంవర్గమానం. రెండోవైపు 3 ఆధారంగా 5కి సంవర్గమానం. ఏది పెద్దది? ఫోన్లు లోపల పెట్టండి, క్యాలిక్యులేటర్ లేదు, లాగ్ పుస్తకమూ లేదు.

సరే, చెప్పేస్తాను. రెంటినీ ఒకటిన్నరతో పోల్చాలి. 3 వర్గం 9, 2 ఘనం 8. 9 పెద్దది, కాబట్టి మొదటిది ఒకటిన్నర దాటింది. 5 వర్గం 25, 3 ఘనం 27. 25 చిన్నది, కాబట్టి రెండోది ఒకటిన్నరకు చేరలేదు. మొదటిదే పెద్దది.

విన్నాక "ఓస్, ఇంతేనా" అనిపించింది కదూ. కానీ ఆ ఒకటిన్నర లెక్కలో ఎక్కడా లేదు. అది మనకు తట్టాలి. తట్టనివాడు రెండు సంవర్గమానాలనూ ఒకే ఆధారానికి మార్చి, భిన్నాలు వేసి, అసమానతల్లో చిక్కుకుని అరగంట పోగొట్టుకుంటాడు. ఇప్పుడు 17 ఏళ్ల పిల్లవాణ్ణి ఊహించుకోండి. ఎదురుగా ఇద్దరు పరీక్షకులు కూర్చుని చూస్తున్నారు. అది మాస్కో రాష్ట్ర విశ్వవిద్యాలయం, మెఖ్‌మత్ అని అందరూ పిలిచే మెకానిక్స్, గణిత విభాగం, ప్రవేశానికి మౌఖిక పరీక్ష. మార్కులు 5, 4, 3, 2. రెండు వచ్చిందంటే తప్పినట్టే. పక్క గదిలో తన క్లాస్‌మేట్‌కి మామూలు వర్గ సమీకరణం ఇస్తున్నారు. ఇతనికి మాత్రం ఇది, దీని తర్వాత ఇలాంటిదే ఇంకొకటి.

ఇలాంటి లెక్కలకు అక్కడి విద్యార్థులు పెట్టుకున్న పేరు "గ్రోబ్". అంటే శవపేటిక. 1970ల మధ్య నుంచి 1980లలో చాలాకాలం ఇవి ఎక్కువగా యూదు కుటుంబాల పిల్లలకే పడేవి. ఆ పిల్లల కోసం రహస్యంగా ఒక విశ్వవిద్యాలయాన్నే నడిపిన గణితవేత్త బెల్లా అబ్రమోవ్నా సుబ్బొతోవ్‌స్కయా. పేరు వినగానే మన సుబ్బమ్మ గుర్తొస్తే నవ్వుకోండి, తప్పులేదు. రష్యన్‌లో సుబ్బోత అంటే శనివారం.

ఆమె దగ్గరికి వెళ్లే ముందు ఆ పరీక్ష ఎలా నడిచేదో విడదీసి చూద్దాం. అది తెలియకపోతే ఆమె ఆ పనే ఎందుకు ఎంచుకున్నారో అర్థం కాదు.

జార్ల కాలంలో వివక్ష రాతపూర్వకంగానే ఉండేది. 1887లో కోటాలు పెట్టారు. యూదులు నివసించడానికి అనుమతి ఉన్న పశ్చిమ ప్రాంతాల్లో 10 శాతం, బయట 5 శాతం, రెండు రాజధానుల్లో 3 శాతం. దుర్మార్గమే, కానీ కాగితం మీద ఉంది కాబట్టి వేలెత్తి చూపొచ్చు. 1917 తర్వాత అవి రద్దయ్యాయి. సోవియట్ చట్టం ప్రకారం అందరూ సమానులే. ఇక కాగితం లేదు. ఉన్నదల్లా అధికారిక ఫారాల్లో ఐదో గడి, జాతీయత. అక్కడ "యూదు" అని ఉంటుంది. అది లేకపోయినా తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు చూసి పసిగట్టేవారు. తండ్రి యూదు, తల్లి రష్యన్ అయి, ఫారంలో "రష్యన్" అని రాసుకున్న పిల్లల్నీ వదల్లేదు.

మెఖ్‌మత్‌కి నాలుగు పరీక్షలు: రాత గణితం, మౌఖిక గణితం, భౌతికశాస్త్రం, రష్యన్ సాహిత్యం మీద వ్యాసం. గణితం రాత పరీక్షలో ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, కాబట్టి అక్కడ పెద్దగా ఆటలు సాగవు. జవాబు సరైనదే అయినా "వివరణ చాలలేదు" అని ఒకటి రెండు మార్కులు కొయ్యగలరు, అంతవరకే. అసలు పని మౌఖికంలో జరుగుతుంది. మన ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, సంగతి తీసుకోండి. ఒక పూట రాసేవాళ్లందరికీ ప్రశ్న ఒకటే, కీ బయటపెడతారు, తప్పనిపిస్తే అభ్యంతరం చెప్పొచ్చు. వైవా అలా కాదు. వైవాలో ఎన్ని ప్రశ్నలు, ఏ ప్రశ్నలు, ఎంతసేపు అన్నది గదిలో ఉన్నవాళ్ల ఇష్టం.

పరీక్షలో ముందు ఒక చీటీ తీయాలి. దానిలో పాఠ్యాంశం నుంచి రెండు ప్రశ్నలుంటాయి. చీటీ అదృష్టం కాబట్టి అందరికీ సమానమే. చీటీ పూర్తయ్యాక "అదనపు ప్రశ్నలు". వాటికి హద్దు లేదు. ఎడ్వర్డ్ ఫ్రెంకెల్ అనే గణితవేత్త, ఇప్పుడు బర్కిలీలో ప్రొఫెసర్, 1984లో ఈ పరీక్షకు వెళ్లారు. వృత్తం నిర్వచనం అడిగారు. ఇచ్చిన బిందువు నుంచి సమాన దూరంలో తలం మీద ఉన్న బిందువుల సమితి అన్నారు. తప్పు అన్నారు పరీక్షకులు. ఎందుకట? "అన్ని బిందువుల సమితి" అనాలట. "అన్ని" అన్న ముక్క లేదట. చీటీలో ప్రశ్నలకే ఇలా పీకితే, ఆ తర్వాత గ్రోబ్‌లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. దాదాపు నాలుగు గంటలు కూర్చోబెట్టి పంపించారు.

గ్రోబ్‌ని ఎంచుకోవడంలో ఒక కిటుకు ఉంది. ఊరికే కష్టమైన లెక్క పనికిరాదు. అభ్యర్థి అప్పీలుకి వెళ్తే "ఇంత పెద్ద లెక్క ఎలా ఇచ్చారు" అని కమిషన్ ముందు అడగగలడు. కాబట్టి ప్రశ్న బడి సిలబస్ మాటల్లోనే ఉండాలి, జవాబు రెండు మూడు వాక్యాల్లో తేలిపోవాలి, దారి మాత్రం కనపడకూడదు. అప్పుడు అప్పీలులో ఆ రెండు వాక్యాలూ చదివి వినిపించి, "ఇది కూడా రాని వాణ్ణి ఎలా చేర్చుకుంటాం" అంటారు. ఇందాక మీకు "ఓస్" అనిపించింది చూడండి, ఆ "ఓస్" మీదే ఈ ఏర్పాటంతా నిలబడింది.

ఇంకొకటి చూపిస్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. వాస్తవ సంఖ్యల మీద ఒక ప్రమేయం ఉంది. ఏ రెండు బిందువులు తీసుకున్నా, అక్కడ ప్రమేయం విలువల తేడా ఆ బిందువుల మధ్య దూరం వర్గానికి మించదు. అలాంటి ప్రమేయాలన్నీ చెప్పండి.

బడి పిల్లవాడు ముందు వర్గ ప్రమేయం పట్టుకుంటాడు, అది కుదరదు. తర్వాత అవకలనం తీస్తానంటాడు. తీయొచ్చు, కానీ అవకలనం ఉందని ముందు చూపాలి. ఉందనుకుని మొదలుపెడితే అక్కడే పట్టుకుంటారు. తేలిక దారి ఇదీ. 0, 1 బిందువులు తీసుకోండి. దూరం 1, కాబట్టి విలువల తేడా 1కి మించదు. ఇప్పుడు మధ్యలో 10 ముక్కలు చెయ్యండి. ఒక్కో ముక్క పొడవు పదో వంతు, ఒక్కో ముక్కలో తేడా నూరో వంతుకు మించదు, పది ముక్కలూ కలిపితే పదో వంతు. 1000 ముక్కలు చేస్తే వెయ్యో వంతు. ముక్కలు ఎన్నైనా చేయొచ్చు కాబట్టి తేడా సున్నానే. ఏ రెండు బిందువులకైనా ఇదే వాదన. కాబట్టి స్థిర ప్రమేయాలు తప్ప మరేవీ లేవు.

అందమైన లెక్క. ఒలింపియాడ్‌లో ఇస్తే చప్పట్లు కొట్టొచ్చు. సైన్ 10 డిగ్రీలు కరణీయ సంఖ్య అని చూపమన్నదీ అలాంటిదే. సైన్ 30ని మూడు రెట్ల కోణం సూత్రంతో విప్పితే, సైన్ 10కి రెట్టింపు విలువ ఒక ఘన సమీకరణానికి మూలం అవుతుంది: దాని ఘనంలోంచి దాని మూడు రెట్లు తీసేసి 1 కలిపితే 0. ఈ సమీకరణానికి అకరణీయ మూలం ఉంటే అది 1 గానీ, మైనస్ 1 గానీ కావాలి. వేసి చూస్తే మైనస్ 1, 3 వస్తాయి, సున్నా రాదు. లెక్కల్లో ఏ దోషమూ లేదు. గది తలుపు దగ్గరే పిల్లల్ని రెండు రకాలుగా విడగొట్టడంలో ఉంది దోషం.

దీన్ని అంకెల్లో పట్టుకున్నవారు ఇద్దరు, వాలెరీ సెందెరోవ్, బొరీస్ కనెవ్‌స్కీ. ఇద్దరూ గణితవేత్తలే. పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లల్ని కలిసి ఏమేమి అడిగారో రాసుకున్నారు. మాస్కోలోని ప్రత్యేక గణిత పాఠశాలల నుంచి మెఖ్‌మత్‌కి వెళ్లినవారి జాబితా చేశారు. యూదులు కానివారు 47 మంది వెళ్తే 40 మందికి సీటు వచ్చింది. యూదులు, యూదు మూలాలున్నవారు 40 మంది వెళ్తే ఆరుగురికి వచ్చింది. అవే బళ్లు, అవే పాఠాలు. ఒకవైపు 85 శాతం, ఇంకోవైపు 15. దీన్నంతా 1980లో "మేధో జాతిహననం" అన్న పేరుతో వ్యాసంగా టైపు కొట్టి చేతులు మార్చారు. పేరు మరీ పెద్దదిగా అనిపించవచ్చు, కానీ అప్పటిదాకా "అలా అంటున్నారట" అన్న స్థాయిలో ఉన్న మాట దాంతో పట్టికలోకి ఎక్కింది.

మెఖ్‌మత్ పరీక్షలు జులైలో, మిగతా ఇన్‌స్టిట్యూట్లవి ఆగస్టులో. కాబట్టి తప్పినవాడు వెంటనే ఇంకోచోటికి పరిగెత్తొచ్చు. పరిగెత్తకపోతే మగపిల్లలకి 18 నిండగానే సైన్యం నుంచి పిలుపు. 1979 డిసెంబరు తర్వాత అంటే అఫ్గానిస్తాన్ కూడా కావొచ్చు. అందుకని చాలామంది గుబ్కిన్ చమురు, గ్యాస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరేవారు. ముద్దుపేరు "కెరోసింక", అంటే కిరోసిన్ స్టవ్. అక్కడ అనువర్తిత గణితం శాఖ ఉండేది, యూదు పిల్లల్ని తీసుకునేవారు. రైల్వే ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఇంకొకటి. చదువు దొరుకుతుంది, డిగ్రీ వస్తుంది. కానీ అది ఇంజినీర్లకు కావలసిన గణితం. టోపాలజీ (ఆకారాల్ని సాగదీసినా, వంచినా మారని లక్షణాల గణితం), ఆధునిక బీజగణితం లాంటివి లోతుగా చెప్పేవారు ఉండరు.

ఇక్కడికి వచ్చారు బెల్లా.

ఆమె 1937 డిసెంబరు 17న పుట్టారు. ఆమె కూడా యూదు కుటుంబమే. 1955లో మెఖ్‌మత్‌లో చేరారు. స్టాలిన్ పోయి రెండేళ్లు, గాలి కొంచెం సడలిన కాలం, కాబట్టి సీటు వచ్చింది. పదేళ్లు ముందో, ఇరవై ఏళ్లు తర్వాతో అయితే ఏమయ్యేదో. గణితవేత్త ఒలెగ్ లుపానొవ్ దగ్గర బూలియన్ ఫార్ములాల మీద పనిచేసి 1961లో మూడు పేజీల పరిశోధనా పత్రం అచ్చువేశారు. ఆ మూడు పేజీలు కంప్యూటర్ శాస్త్రంలో ఈరోజుకీ చదువుతారు. అందులో ఏముందో చెప్పకుండా ఆమెను ఉద్యమకారిణిగా మాత్రమే చూపిస్తే అన్యాయం చేసినట్టే. కాబట్టి ఐదు నిమిషాలు ఓపిక పట్టండి.

100 స్విచ్‌లు ఉన్నాయి, ఒక్కోటి 0 లేదా 1. ఆన్‌లో ఉన్నవి బేసి సంఖ్యలో ఉంటే 1, సరి సంఖ్యలో ఉంటే 0 అని చెప్పే ఫార్ములా రాయాలి. వాడదగ్గవి మూడే: "మరియు", "లేదా", "కాదు". ఫార్ములాని చెట్టులా గీయండి. ఆకుల దగ్గర చలరాశులు, అంటే ఆ స్విచ్‌లు, కొమ్మలు కలిసేచోట "మరియు", "లేదా". మొత్తం ఎన్ని ఆకులు కావాలి? కనీసం 100 కావాలని ఎవరైనా చెప్తారు. ఆమె 1000 కంటే తక్కువలో కుదరదని నిరూపించారు. అంటే చలరాశుల సంఖ్యకు ఒకటిన్నర ఘాతం.

ఎలాగంటే, అతి చిన్న ఫార్ములా తీసుకుని, ఆకుల్లో ఎక్కువసార్లు కనిపించే చలరాశిని పట్టుకోండి. అది కనీసం నూరో వంతు ఆకుల్లో ఉంటుంది. దానికి 0 గానీ 1 గానీ ఇచ్చి బిగించేయండి. ఆ ఆకులన్నీ రాలిపోతాయి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఆమె పక్క కొమ్మను చూశారు. ఆకు "మరియు" కింద ఉండి దానికి 0 ఇస్తే, తోడుగా ఉన్న కొమ్మ విలువ ఏమైనా ఫలితం 0నే, కాబట్టి ఆ కొమ్మా పోయింది. "లేదా" కింద ఉండి 1 ఇచ్చినా అంతే. అంటే ప్రతి ఆకూ రెండు విలువల్లో ఒకదానికి తన తోడు కొమ్మని కూడా లాక్కుపోతుంది. మంచి విలువ ఎంచుకుంటే కనీసం సగం ఆకులు అలా లాక్కుపోతాయి. నూరో వంతు, అందులో ఇంకో సగం, కలిపి నూటికి ఒకటిన్నర.

ఇక్కడ ఒక మెలిక ఉంది, విద్యార్థులు దీన్ని దాటేస్తుంటారు. ఆ తోడు కొమ్మలోనూ అదే చలరాశి ఉంటే, రాలిన ఆకునే రెండోసారి లెక్కపెట్టినట్టవుతుంది. అలా ఉండదు. "మరియు" కింద ఒకవైపు ఆ చలరాశి ఉందనుకోండి. అది 0 అయితే ఇంకోవైపు ఏముందో ఎవరికీ పట్టదు. పట్టేది అది 1 అయినప్పుడే. కాబట్టి అటువైపు దాని బదులు 1 రాసేయొచ్చు, ఫార్ములా ఇంకా చిన్నదవుతుంది. మనం తీసుకున్నదే అతి చిన్నది కదా, వైరుధ్యం. "లేదా"కీ ఇదే మాట.

తర్వాత 99 చలరాశులతో మళ్లీ ఇదే. అలా ఒక్క చలరాశి మిగిలేదాకా. ప్రతిసారీ ఏం మిగిలింది? సరి–బేసి ప్రమేయమే, ఎందుకంటే ఒక స్విచ్ బిగించినా మిగతా స్విచ్‌ల మీద ఆధారపడటం పోదు. చివరికి కనీసం ఒక ఆకు ఉండాలి. వెనక్కి గుణించుకుంటూ వస్తే 100కి ఒకటిన్నర ఘాతం, 1000. మొదటి లెక్కలోనూ ఒకటిన్నరే, ఇక్కడా ఒకటిన్నరే. కేవలం కాకతాళీయం, దానికి జాతకం రాయకండి.

ఈ సరి–బేసి ప్రమేయానికి కావలసిన కనీస ఆకుల హద్దుని 1971లో ఖ్రప్‌చెంకో వేరే దారిలో వర్గం దాకా, అంటే 100కి 10,000 దాకా తీసుకెళ్లారు. కానీ బెల్లా చూపిన పద్ధతి, కొన్ని చలరాశుల్ని బిగించేసి మిగిలినదాన్ని చూడటం, ఎక్కువ దూరం నడిచింది. 1987లో అంద్రేయెవ్ దాన్నే వాడి ఇంకో ప్రమేయానికి రెండున్నర ఘాతం సాధించారు. 1998లో స్వీడన్‌కు చెందిన హోస్టాడ్, చలరాశులు తగ్గినప్పుడు ఫార్ములా కుంచించుకుపోయే ఘాతం ఒకటిన్నర కాదు, 2 అని తేల్చారు. దాన్ని చూడటానికి ఆమె లేరు.

1978లో ఆమె తన ఇంట్లో క్లాసులు మొదలుపెట్టారు. సెందెరోవ్, కనెవ్‌స్కీ తోడున్నారు. మెఖ్‌మత్ కాదన్న పిల్లలకు మెఖ్‌మత్‌లో చెప్పే గణితాన్నే చెప్పాలి, అదీ పథకం. పిటిషన్ పెట్టొచ్చు, పెట్టినవాళ్లూ ఉన్నారు. కానీ పిటిషన్ తేలేసరికి పిల్లవాడికి ముప్పై ఏళ్లొస్తాయి, గణితం నేర్చుకునే వయసు దాటుతుంది. ఈ తొందర ఆమెకు బాగా తెలుసు.

కలనగణితం, రేఖీయ బీజగణితం, జ్యామితి, టోపాలజీ, మరికొంత భౌతికశాస్త్రం. పాఠాలు చెప్పినవాళ్ల పేర్లు వింటే గణితం చదివినవాళ్లకి ఒళ్లు పులకరిస్తుంది. ద్మీత్రీ ఫుక్స్, గెల్ఫాండ్‌తో కలిసి ఆయన చేసిన పని టోపాలజీలో ఇద్దరి పేరుమీదే ఉంది. ఆంద్రేయ్ జెలెవిన్‌స్కీ, తర్వాత క్లస్టర్ బీజగణితాలు కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు. బొరీస్ ఫెయ్‌గిన్, అలెక్సాండర్ వినోగ్రాదొవ్, అలెక్సాండర్ షెన్, అలెక్సేయ్ సొసిన్‌స్కీ. ప్రిన్స్‌టన్ నుంచి వచ్చిన జాన్ మిల్నర్ కూడా ఒకసారి ఉపన్యాసం ఇచ్చారు. ఎవరికీ జీతం లేదు. విద్యార్థులకు ఫీజు లేదు, సర్టిఫికెట్టూ లేదు.

ఇంట్లో చోటు చాలకపోయాక గదుల వేట. కెరోసింకలో, మాస్కో విశ్వవిద్యాలయం మానవీయ శాస్త్రాల భవనంలో, ఎక్కడ ఖాళీ గది సంపాదించగలిగితే అక్కడ. వచ్చే వారం ఎక్కడో పిల్లలకు కబురు చేరాలి. అదంతా బెల్లా పని. తర్వాత నోట్సు. ఈ పిల్లలు పగలు ఇంకో కాలేజీలో చదువుతున్నారు, లైబ్రరీలో కూర్చునే తీరిక లేదు, కాబట్టి పాఠం కాగితం మీద చేతికివ్వాలి. సోవియట్ యూనియన్‌లో ఫొటోకాపీ యంత్రం మీద తాళం, కాపలా, రిజిస్టరు ఉండేవి. అక్కడ డజన్ల కొద్దీ ప్రతులు తీయించడం ఎంత పనో ఊహించుకోండి. ఆ తర్వాత తిండి. పగలంతా కాలేజీలో ఉండి ఆకలితో వచ్చే పిల్లలకు ఆమె స్వయంగా శాండ్‌విచ్‌లు చేసి తెచ్చేవారు. ఆమె పెద్ద ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. గది, కాగితం, రొట్టె. నడిచిన ఐదేళ్లలో సుమారు 350 మంది ఆ క్లాసులకు వచ్చారు.

దానికి "యూదు ప్రజా విశ్వవిద్యాలయం" అన్న పేరు స్థిరపడింది. ప్రజా విశ్వవిద్యాలయం అన్నది సోవియట్ చెవికి మామూలు మాటే, పెద్దల కోసం సాయంత్రం ఉపన్యాసాలు పెట్టేవాటిని అలాగే పిలిచేవారు. మొదటి మాటతోనే చిక్కు. నిజానికి యూదులు కానివారూ వచ్చి చదువుకున్నారు, తలుపు దగ్గర ఐదో గడి అడిగేవాళ్లు లేరు.

1982 వేసవిలో సెందెరోవ్‌నీ, కనెవ్‌స్కీనీ అరెస్టు చేశారు. సెందెరోవ్‌కి ఏడేళ్ల నిర్బంధ శ్రమ శిబిరం, ఆపైన ఐదేళ్లు దూరప్రాంతానికి బహిష్కరణ శిక్ష పడింది. గోర్బచెవ్ వచ్చాక, 1987లో బయటపడ్డారు. బెల్లాను కేజీబీ పిలిచి ప్రశ్నించింది. సెప్టెంబరు 23 రాత్రి తల్లిని చూసి తిరిగి వస్తుండగా ఒక లారీ ఆమెను గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. ప్రమాదమా, పనిగట్టుకుని చేసిందా అని అప్పుడూ అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. తేల్చే సాక్ష్యం బయటికి రాలేదు కాబట్టి నేనూ తేల్చను. అంత్యక్రియలకు చాలామంది వచ్చారు. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆమె పోయాక క్లాసులు కొన్నాళ్లు లాగి 1983లో ఆగిపోయాయి. అందుకే 1984లో కెరోసింకలో చేరిన ఫ్రెంకెల్‌కి అవి అందలేదు. ఆయన మెఖ్‌మత్ సెమినార్లు వినడానికి విశ్వవిద్యాలయం కంచె దూకి వెళ్లేవారు. కానీ ఆయనకు పరిశోధన చేయడం నేర్పింది ఎవరనుకున్నారు? ఆ ఫుక్సే. 1989లో, 21 ఏళ్లకు, ఫ్రెంకెల్‌ని హార్వర్డ్ ఆహ్వానించింది.

ప్రశ్నలకు సమయం ఉంచాలి కాబట్టి ఇక్కడ ఆపుతాను. బోర్డు చెరిపే ముందు ఆ గదుల్లో ఇచ్చిన ఇంకో లెక్క రాస్తున్నాను, దింపుకోండి. ఒక త్రిభుజం క, చ, ట. కచ భుజం మీద ఒక బిందువు, చట భుజం మీద ఇంకో బిందువు గుర్తించాలి. క నుంచి మొదటి బిందువుకి దూరం, రెండు బిందువుల మధ్య దూరం, రెండో బిందువు నుంచి ట దాకా దూరం, మూడూ సమానంగా ఉండాలి. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడాలి, స్కేలు మీద గీతలు చూడకూడదు. చిన్న ఆసరా ఇస్తాను, అక్కడి పిల్లలకు అది కూడా ఇవ్వలేదు. మొదటి దూరాన్ని మీ ఇష్టం వచ్చినంత తీసుకుని, తప్పు సైజులో బొమ్మ గీయండి. తర్వాత క దగ్గర నిలబడి దాన్ని పెంచండి. ఇక అడగండి.